పరిధిలోకి రాని ప్రశ్న

మిరపతోటలో ఆకుముడత వచ్చింది, ఏ మందు కొట్టాలి అని అడిగితే అది ప్రశ్న. మా బామ్మర్ది ట్రాక్టర్ తీసుకుపోయి ఆర్నెల్లయింది, అడిగితే మొహం చాటేస్తున్నాడు, ఏం చేయాలి అని అడిగితే అది ప్రశ్న కాదు, ఏడుపు. ఈ రెండింటికీ తేడా తెలియని జనం మన రాష్ట్రంలో ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కల వాళ్లకు తెలియకపోవచ్చు గానీ నాకు తెలుసు. వాళ్లందరూ వచ్చి పడింది నా నెత్తినే.

‘పొలంప్రశ్న’ అని ఒక వెబ్‌సైటు ఉంది. రైతులు సందేహాలు రాస్తారు, తెలిసినవాళ్లు జవాబులు రాస్తారు, చదివినవాళ్లు నచ్చినదానికి ఓటు వేస్తారు. ఓట్లను బట్టి పాయింట్లు వస్తాయి. హైదరాబాదులో నలుగురు ఉద్యోగస్తులు ఖాళీ వేళల్లో పెట్టిన సైటు. మొదట్లో వాళ్లకు జనం వస్తే చాలు, ఏం రాసినా ఫరవాలేదన్నారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు జనం వచ్చి పడ్డారు. బర్రె కలలోకి వస్తే మంచిదేనా. అమ్మాయికి ఇంత ర్యాంకు వచ్చింది, ఏ కాలేజీ ఇస్తారు. పక్కచేను వాడు గట్టు జరిపాడు, వాడికి చేతబడి చేయించాలంటే ఎవరి దగ్గరికి పోవాలి. ఈ చివరిదానికి పదకొండు జవాబులు, అందులో మూడు ఫోన్ నంబర్లతో సహా.

ఆ సైటుకు ముగ్గురు పర్యవేక్షకులం. అందులో నేనొకణ్ణి. జీతం లేదు, బత్తా లేదు. పేరు పక్కన ఆకుపచ్చ నాగలి బొమ్మ ఉంటుంది, అంతే. ఆ బొమ్మ కోసం నేను పడిన తాపత్రయం చెప్పుకుంటే సిగ్గు. మాది వరంగల్‌లో బట్టల బజారు పక్క సందులో గోనె సంచుల దుకాణం. తాత పెట్టింది, నాన్న నడిపింది, నా పాలిట పడింది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే నాలుగు నెలలు ఊపిరి సలపదు, మిగతా ఎనిమిది నెలలు ఈగలు తోలుకోవడమే. నేను తెలుగులో ఎమ్మే చదివాను. చదవేస్తే ఉన్నమతి పోయిందని మా నాన్న అనేవాడు. జన్మలో నాగలి పట్టిన పాపాన పోలేదు గనుక వ్యవసాయం చెప్పి పాయింట్లు సంపాదించలేను. పరాయివాళ్ల ప్రశ్నల్లో వాక్యాలు సరిదిద్ది సంపాదించాను. సరిదిద్దిన ప్రతిదానికీ రెండు పాయింట్లు.

మా ఆవిడ విజయలక్ష్మికి ఇదంతా గిట్టదు. మధ్యాహ్నం దుకాణానికి టిఫిన్ క్యారియర్ తెచ్చినప్పుడల్లా నా ఫోన్‌లోకి తొంగి చూసి ఒక మాట అనందే పోదు.

“సంచులమ్మెటోల్లు సంచులమ్ముకోవాలె. ఎవని బర్రె ఎవని కలలకొస్తె మీకేందండి?”

“గా బర్రెల్నే తోలేస్తాన్న,” అనేవాణ్ణి.

నిజంగానే తోలేస్తున్నాను. పోయిన ఏడాది ఉగాదికి హైదరాబాదు వాళ్లకు బుద్ధి వచ్చింది. సైటు బరువెక్కి నడవడం లేదు, పనికిరానివి తీసేద్దాం అన్నారు. నియమావళి నేనే రాసిచ్చాను. సాగు పద్ధతి తప్ప ఏదీ ఉండకూడదు. కంపెనీల పేర్లు, దుకాణాల పేర్లు, ఫలానా విత్తనం మంచిదా చెడ్డదా అన్న వాకబులు, ఇంటి గొడవలు, అన్నీ ‘పరిధిలోకి రావు’. కొత్తవాటికే కాదు, ఎన్నేళ్ల కిందటివైనా సరే. పర్యవేక్షకుడు ‘మూసివేత’ నొక్కితే ప్రశ్న మీద ఎర్రపట్టీ పడుతుంది, మూసినవారి పేరూ ఊరూ కనపడతాయి. అడిగినవాడి మెయిల్‌కు నోటీసు పోతుంది. అరవై రోజుల్లో అతను అభ్యంతరం చెబితే మళ్లీ చూస్తాం, చెప్పకపోతే ప్రశ్న, జవాబులు అన్నీ శాశ్వతంగా తుడిచిపెట్టుకుపోతాయి. వాళ్లు తొంభై రోజులు ఇద్దామన్నారు. మూడు నెలలు కూర్చుని ఆలోచించగలిగినవాడైతే అసలు అలాంటి ప్రశ్నే అడిగి ఉండడని వాదించి, అరవైకి దించింది నేనే.

అభ్యంతరం చెప్పినవాడు ఒక్కడు లేడు. నా తీర్పు ఎంత సరైనదో చెప్పడానికి అంతకంటే రుజువు ఏం కావాలి అనుకున్నాను.

ఖమ్మంలో ఇంకో పర్యవేక్షకుడు ఉన్నాడు, రిటైర్డ్ మాస్టారు. ప్రతి ప్రశ్ననూ జవాబులతో సహా చదివి, అవసరమైతే అడిగినవాడికి ఫోన్ చేసి, రోజుకు నాలుగు మూస్తాడు. ఆయన్ను తలచుకుని నవ్వుకునేవాణ్ణి. దొడ్డి ఊడ్చేవాడు ప్రతి పేడకడినీ చేతిలోకి తీసుకుని పరీక్షిస్తాడా? నేను ప్రశ్న పేరు చదువుతాను. పేరులోనే తెలిసిపోతుంది. రోజుకు వంద తక్కువ మూసేవాణ్ణి కాదు.

అందులో నాకు కుడిభుజంలా ‘శుభ్రత’ అనే సభ్యుడు ఒకడు దొరికాడు. సభ్యులెవరైనా సరే, ఫలానా ప్రశ్న పరిధిలోకి రాదు అని మాకు ఫిర్యాదు పంపవచ్చు. ఇతను రోజుకు ముప్పై నలభై పంపేవాడు, ఒక్కటీ తప్పు పోయేది కాదు. పాతాళం లోంచి వెతికి తెచ్చేవాడు. ఇన్నాళ్లకు ఒక బుద్ధిమంతుడు దొరికాడని పొంగిపోయి, అతనికి ‘ఉత్తమ సహాయకుడు’ బిరుదు కూడా ఇప్పించాను. అతను పంపినవి పేరు కూడా సగమే చదివి నొక్కేసేవాణ్ణి.

ఈ ఏడు ఎండలు ముదిరి, ఇంకా మృగశిర రాకముందు, ఒక పొద్దున దుకాణం ముందుకు యాభై ఏళ్ల మనిషి వచ్చి నిలబడ్డాడు. తెల్లచొక్కా ఉతికిందే గానీ ఇస్త్రీ లేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

“విశ్వేశ్వర్ సేటు అంటె మీరేనా?”

“ఎన్ని కావాలె?” అన్నాను.

“సంచులకు రాలే సేటు. ప్రశ్నకోసం వచ్చిన.”

కవరులోంచి ఒక చీటీ తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. చీటీ మీద ఐదంకెల ప్రశ్న నంబరు. చీటీ వెనకాల ఆధార్ కార్డు జిరాక్సు. మన దగ్గర దవాఖానకు పోయినా, చుట్టాల ఇంటికి పోయినా ఆధార్ జిరాక్సు వెంట ఉండాలి గదా. పోయిన ప్రశ్నను తిరిగి ఇప్పించుకోవడానికి కూడా అది తెచ్చాడు. నాకు నవ్వు ఆగలేదు.

అతని పేరు దానియేలు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక చిన్న ఊరు. ప్రశ్న ఇంకా తుడిచిపెట్టుకుపోకముందు ఎర్రపట్టీ మీద ‘మూసినవారు: విశ్వేశ్వర్, గోనె సంచుల వ్యాపారి, వరంగల్’ అని చూశాడట. పేరు పక్కన వ్యాపారం పెట్టుకున్నది నా సరదానే. ఎనుమాములలో నలుగురిని అడిగి దుకాణం పట్టుకున్నాడు.

“ఇప్పుడు తెరిస్తె తెల్లగ వస్తాంది సేటు. ఏం లేదు. జర ఎట్లనన్న జేసి మల్ల పెట్టున్రి. నా ఇజ్జత్ దాంట్లనే ఉన్నది.”

“నోటీసు వచ్చింది గద. గప్పుడే చెప్పాలె.”

“ఏం నోటీసు?”

“నీ మెయిల్‌కు.”

దానియేలు నన్ను అయోమయంగా చూశాడు. “మెయిల్ ఘన్‌పూర్ల మొబైల్ షాపు పిలగాడు పెట్టిండు సేటు. ఫోన్ కొన్నప్పుడు. అది ఆనికే ఎరుక. ఆ షాపు గూడ తీసేసిండ్రు.”

ఒక్కడు కూడా అభ్యంతరం ఎందుకు చెప్పలేదో అప్పుడు తెలిసింది. ఊళ్లలో ఫోన్ కొన్నవాడికి ఫోన్ ఉంటుంది, దాని మెయిలూ పాస్‌వర్డూ అమ్మినవాడి దగ్గర ఉంటాయి. ఇది బజారులో సంచులు మోసేవాడికి కూడా తెలిసిన సంగతి. నియమావళి రాసిన మహానుభావుడికి తెలియలేదు. అయినా ఆ క్షణంలో నాకు సిగ్గేం వేయలేదు, చిరాకు వేసింది.

కూర్చోమన్నాను. అతను చెప్పింది ఇది.

రెండేళ్ల కింద, విత్తనాలు కొనేముందు, మా సైటులో ఒక ప్రశ్న అడిగాడు. ఒక కొత్తరకం మిర్చి విత్తనం వచ్చింది, మంచిదేనా అని. దానికి ఒకే ఒక జవాబు వచ్చింది. రాసింది వరంగల్‌లో విత్తనాల దుకాణం నడిపే వంశీ. సొంత పేరుతో, సొంత నంబరుతో రాశాడు. ‘పూర్తి గ్యారంటీ నాది. కాయ విరగకాస్తది. మీ ఊరోళ్లందరికీ చెప్పుండ్రి, మా దుకాణంలనే దొరుకుతది’ అని. దానియేలు నమ్మాడు. అతను పెట్టిందే పెట్టడం అలవాటైన మరో ఏడు ఇళ్లవాళ్లు కూడా అదే విత్తనం తెచ్చి పోశారు. చెట్టు నడుము దాకా పెరిగింది. కాయ మాత్రం పట్టలేదు. ఎనిమిది ఇళ్ల మిరప ఆ ఏడు మట్టిపాలైంది.

ఊరివాళ్లు పోయి వంశీని నిలదీస్తే వాడు చేతులు దులుపుకున్నాడు. దానియేలే తన దగ్గరికి వచ్చి, ఊరివాళ్లను తోలుకొస్తాను, కమీషన్ ఇవ్వమని అడిగి తీసుకున్నాడని చెప్పాడు.

“గప్పుడే నా ప్రశ్న చూపెడితె అయిపోవు,” అన్నాడు దానియేలు. “కని నన్ను ఎవ్వలు అడుగలే సేటు. మొఖం తిప్పుకున్నరు గంతే. అడిగితె గద చూపిచ్చేది. ఈ ఏడు పత్తి గింజల కాడ పక్కింటి మొండయ్యకు ఏదో చెప్పబోతె, మల్ల కమీషన్ తిననీకి వచ్చినవా అని నలుగురిల అంగి పట్టిండు. గప్పుడు బయటపడ్డది ఏమనుకుంటాన్రో. ఆదివారం పంచాయితి పెట్టిండ్రు.”

“పెడితె పెట్టనీ. తినలేదని ప్రమాణం చెయ్యి.”

“అదే చెయ్యమంటాన్రు. తడిబట్టలతోని పోశమ్మ ముందట.” అతను తల వంచుకున్నాడు. “మేం దేవున్ని నమ్ముకున్నోళ్లం. ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం. ఏ దేవుని మీద పెట్టుకోవద్దు, బైబిల్ మీద గూడ పెట్టుకోవద్దు. అవునంటె అవును, కాదంటె కాదు. గంతే ఉండాలె మా మాట. తప్పు చెయ్యనోడైతె ఒట్టుకెందుకు జంకుతడు అంటాన్రు. అందుకే సేటు, నాకు ఆ కాయిదం గావాలె.”

ఒక ఒట్టు పెట్టుకుంటే తేలిపోయేదానికి ఇంత దూరం వచ్చాడు. ఇలాంటి మూర్ఖుణ్ణి చూడలేదు అనుకున్నాను. సరేలే, చూస్తే పోయేదేముందని పర్యవేక్షకుల పేజీలో ఆ నంబరు కొట్టాను. ప్రశ్న లేదు, జవాబు లేదు. ఎవరు ఏది మూశారో నమోదయ్యే చిట్టాలో ఒక్క వరస మిగిలింది. పేరు: ‘ఈ మిర్చి విత్తనం మంచిదేనా’. కారణం: పరిధిలోకి రాదు. మూసినది: నేను. నాలుగు నెలల కింద. పేజీ తెరిచాక మూయడానికి పట్టిన సమయం: ఆరు సెకన్లు.

ఫిర్యాదు పంపినది: శుభ్రత. పక్కన అతను నమోదు చేసుకున్న ఫోన్ నంబరు. ఆ నంబరు నా ఫోన్‌లో ఉన్నదే. వంశీది. మా దగ్గరే సంచులు కొంటాడు.

రాసిన జవాబును తనంతట తాను తీసేసుకునే వీలు సైటులో లేదు. ఒక్క ప్రశ్నను మాయం చేయమని అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని వాడు వేల ప్రశ్నలు వెతికి పంపాడు. ఆ గడ్డివామిలో తన సూదిని కలిపేశాడు. నేను బిరుదు ఇచ్చి మరీ వామి తగలబెట్టాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నా తల మీద పడ్డ తాపు నొప్పి ఇన్నాళ్లకు తెలిసింది.

“మీరు చదివిన్రు గద సేటు?” దానియేలు ఆశగా అడిగాడు. “వంశీ రాసింది మీరు చదివిన్రు గద?”

“పేరు చదివిన,” అన్నాను.

“లోపలిది?”

“చదువలే.”

 దానియేలు చీటీ మడిచి కవరులో పెట్టుకున్నాడు.

హైదరాబాదులో సైటు యంత్రాంగం చూసే తేజస్వికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. “అంకుల్, అరవై రోజులు దాటినవి బ్యాకప్‌లో కూడా ఉంచట్లేదు కదా. ఉంచితే శుభ్రం చేసి ఏం లాభం అని మీరే మీటింగ్‌లో అన్నారు.” తర్వాత వంశీకి చేశాను. నోటికి వచ్చినవన్నీ తిట్టాను. వాడు అడ్డు రాకుండా అంతా విని, “సేటు, నేను ఫిర్యాదే ఇచ్చిన, తీసేసింది మీరు,” అని పెట్టేశాడు. వాడిలాంటి నీచుడితో కూడా వాదనలో ఓడిపోయే స్థితి నాది.

విజయలక్ష్మి క్యారియర్ పట్టుకుని నిలబడి సగం నుంచి అంతా వింది. దానియేలుకు కూడా ఆకు వేసి అన్నం పెట్టింది. అతను పోయాక అన్నది: “కాయిదం లేకపోతె మనిషి పోవాలె. తీసేసింది మీరే గద, మీరే పోయి చెప్పున్రి.”

ఆదివారం వాళ్ల ప్రార్థనలు అయ్యే వేళకు రైలెక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, ఆటోలో ఆ ఊరు పోయాను. పోతూ పోతూ ఒక నిర్ణయానికి వచ్చాను. చదివానని చెప్పేస్తాను. జవాబులో ఏముందో దానియేలు నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు కదా, అదే చెబుతాను. జరిగిన సంగతే చెబుతున్నప్పుడు, నేను చూశానా లేదా అన్నది ఎంత? అవసరమైతే పోశమ్మ ముందు నేనే ఒట్టు పెడతాను. నాకు ఏ వాక్యమూ అడ్డు లేదు. పైగా పల్లెటూరి జనం. నాలాంటి చదువుకున్నవాడు చెబితే నోరెత్తేవాడెవడు?

పాలు పోసే కేంద్రం ముందు రేకుల షెడ్డు కింద ముప్పై మంది దాకా కూర్చున్నారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పంచాయితీ నడిపేది సారయ్య, పాత సర్పంచ్. దానియేలు ఒక పక్కన నిలబడ్డాడు, భార్య సుశీల అతని వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎదురుగా మొండయ్య, చేతులు కట్టుకుని.

“సేటూ, నువ్వు పట్నపోనివి, సదువుకున్నోనివి,” అన్నాడు సారయ్య. “కంప్యూటర్ల దానియేలు అడిగింది, వంశీ జెప్పింది నీ కండ్లతోని సూసినవా?”

“చూసిన.”

“మొత్తం సదివినవా?”

“మొత్తం చదివిన.” దానియేలు చెప్పిన జవాబు గడగడా అప్పజెప్పాను. గ్యారంటీ, కాయ విరగకాయడం, ఊరోళ్లందరికీ చెప్పమనడం, అన్నీ. షెడ్డు కింద గుసగుసలు మొదలయ్యాయి. నష్టపోయిన ఎనిమిది ఇళ్లలో ఒకరు యాకమ్మ అనే ముసలమ్మ. “నేనన్లే? దానియేలు గసుంటోడు గాదని నేనన్లే?” అని పక్కామెను పొడిచింది. ఇంత సులువా అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను.

మొండయ్య కట్టుకున్న చేతులు విప్పలేదు. “మంచిగున్నది. ఒక్క మాట జెప్పు సేటు. వంశీగాడు గ్యారంటీ అని రాసింది నువ్వు సదివినవ్. గది తీసెయ్యమని నీకు జెప్పిందెవలు?”

“ఫిర్యాదు వచ్చింది.”

“ఎవలిచ్చిండ్రు?”

ఆరు సెకన్ల ముక్క కత్తిరించిన చిట్టా నకలు నేనే సారయ్య చేతికి ఇచ్చి ఉన్నాను, వంశీ దొంగతనం రుజువు చేద్దామని. “వంశీయే ఇచ్చిండు,” అన్నాను.

“అంటె ఆడు తీసెయ్యమన్నడు. నువ్వు మొత్తం సదివి, గండ్ల ఏమున్నదో మంచిగ ఎరుకుండి, తీసేసినవ్. ఆడు నీ దుకాణంల సంచులు కొంటడా?”

నేను సారయ్య చేతిలోని నకలు వైపు చూశాను.

“కొంటడు. నేను సూసిన. మల్ల నువ్వు ఆని మనిషివే గద! ఆని మనిషిని దానియేలు సాచ్చానికి తోలుకచ్చిండు. ముగ్గురు ఒక్కటే అని నేనంటె తప్పా?”

 అందరి చూపులూ నా మీది నుంచి దానియేలు మీదికి పోయాయి. యాకమ్మ కూడా అతన్నే చూసింది.  నోరెత్తేవాడెవడని వచ్చాను. ఒక్క ప్రశ్నతో నన్ను నిలువునా కోసి పెట్టాడు ఆ మొండయ్య. నేను చదివానంటే వంశీ తొత్తును, చదవలేదంటే ఎందుకూ పనికిరాని సాక్షిని. నేనేం చెప్పినా మునిగేది దానియేలే.

అప్పుడు దానియేలు ముందుకు వచ్చాడు.

“సేటు చదువలే,” అన్నాడు.

“ఏందిరా?” అన్నాడు సారయ్య.

“చదువలే పటేలా. చదువలేదని దుకాణంల నాతోనే చెప్పిండు. నా కోసం చదివిన్నని చెప్తాండు.” తర్వాత నా వైపు తిరిగాడు. కోపం లేదు అతని మొహంలో. “వద్దు సేటు. అబద్ధం మీద నేను బయటపడితె, అది బయటపడ్డట్టు గాదు.”

సుశీల కొంగులోంచి చిన్నగా ఏడ్చింది. ఉన్న ఒక్క సాక్షినీ అతను తన నోటితోనే పోగొట్టుకున్నాడు.

“అవునా సేటు? సదువలేదా?” సారయ్య అడిగాడు.

“లేదు,” అన్నాను. “పేరొక్కటే చదివిన. చదువకుండనే తీసేసిన.”

ఎవరైనా తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. యాకమ్మ నన్ను ఎగాదిగా చూసి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది:

“సదువకుంట ఎట్ల కొట్టేసినవ్ బిడ్డా? మా మీద ఏమన్న కోపమా?”

కోపం కాదు. కోపమైతే కొంత మర్యాద ఉన్నట్టే. ఈ జనం చదవదగింది ఏమీ రాయలేరని నాకు గట్టి నమ్మకం, అంతే. ఆ మాట ఆ ముసలమ్మ మొహం మీద చెప్పలేక తల దించుకున్నాను. నా జీవితంలో అంత సిగ్గుపడింది లేదు.

సారయ్య నకలు మడిచి నా చేతికి తిరిగి ఇచ్చాడు. “తన దిక్కు సాచ్చం జెప్పెటోన్నే అబద్ధమాడకు అన్నడు. గీ మనిషి కమీషన్ తిన్నడంటె నా పానం ఒప్పుతలేదు. ఒట్టు అవసరం లేదు. నా మాట గంతే.” కొందరు తలలూపారు. కొందరు ఊపలేదు. మొండయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని, “కాయిదమైతె లేదు గద,” అని లేచి వెళ్లిపోయాడు. అతని వెనక ఇంకో నలుగురు లేచారు. ఆ కాగితం ఉంటే వాళ్లు కూడా కూర్చునేవాళ్లు.

దానియేలు నన్ను ఆటో దొరికే రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చాడు. వద్దన్నా వచ్చాడు.  సగం దూరం నడిచాక నేనే అడిగాను.

“పేరు కింద ఏం రాసినవ్ దానియేలూ? ప్రశ్నల.”

అతనికి అది నోటికి వచ్చు. నడక ఆపకుండానే చెప్పాడు.

“‘మాది చిన్న ఊరు. నేనేది పెడితె ఏడిండ్లోళ్లు అదే పెడుతరు. నా చేను పోతె నేను ఎట్లనన్న తట్టుకుంట. ఆళ్లయి పోతె ఆళ్ల మొఖం సూడలేను. అందుకే ఎరుకున్నోళ్లు నిజం జెప్పున్రి’ అని రాసిన. వంశీ ఒక్కడే జెప్పిండు. ఇంకెవలన్న జెప్తరేమోనని నారు పోసెదాక రోజు తెరిసి సూసిన సేటు. ఎవ్వలు జెప్పలే.”

రెండేళ్ల కిందటి ఆ ఎండాకాలం నాకు బాగా గుర్తుంది. నకిలీ మిర్చి విత్తనాన్ని వంశీ కొత్తరకమని ప్యాకెట్లలో పోసి అమ్ముతున్నాడని ఎనుమాముల హమాలీలు మా దుకాణంలో కూర్చుని చెప్పుకున్నారు. ఈ ఏడు ఏ ఊరు మునుగుతుందో అని టీ తాగుతూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. అప్పటికి సైటులో నా పని ప్రశ్నల వాక్యాలు దిద్దడం. రోజూ అందులోనే ఉండేవాణ్ణి.

రోడ్డు మీదికి వచ్చాం. దూరంగా ఆటో కనపడితే దానియేలు చెయ్యి ఎత్తాడు. ఎత్తి, నా వైపు చూశాడు.

“గప్పుడు గూడ గా సైట్ల మీ పేరు కనపడేది గద సేటు. గా విత్తనం సంగతి మీకేమన్న ఎరుకుండెనా?”

ఈసారి అబద్ధం చెప్పలేదు.

“ఎరుకే,” అన్నాను.

దానియేలు ఎత్తిన చెయ్యి దించాడు. ఆటో వచ్చి ఆగేదాకా మళ్లీ నన్నేమీ అడగలేదు.